కనుబొమ్మ

సియోల్‌లో, కురో పేటలో,
ఒకప్పుడు విగ్గులు కుట్టిన మేడలో
ఇప్పుడు అమెరికా నవ్వులు కుడతారు.

మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల.
బల్ల నడుమ గాజుపలక, పలక కింద దీపం,
దీపం మీద కాగితం, కాగితం మీద కాగితం.
నోరు మూసిన బొమ్మ ఒకటి సముద్రం దాటి వస్తుంది,
నోరు తెరిచిన బొమ్మ ఇంకొకటి.
ఆ రెంటి మధ్య జరిగేదంతా
మ్యోంగ్‌ఒక్ గీయాలి.

ఆరేళ్లుగా ఒకే కుటుంబం.
పరుపులమ్మే డ్వేన్, పాపం, నిద్రపట్టని మనిషి.
కూపన్లు కత్తిరించీ కత్తిరించీ
పెళ్లి ఫోటో కూడా కత్తిరించేసిన అతని భార్య.
టీవీలో వార్తలు చదివే గూడబాతు.
ఎన్నికలొచ్చినప్పుడల్లా దాని గొంతుసంచిలోంచి
కొత్త అభ్యర్థి ఒకడు తల బయటపెట్టి
తడి చెయ్యి ఊపుతాడు.

పిల్లల్ని పడుకోబెట్టాక చూసే బొమ్మలట ఇవి.
"పెద్దాళ్లకి బొమ్మలెందుకే?" అంది అత్తగారు.
"మనిషి చెబితే కొడతారత్తా,
బొమ్మ చెబితే నవ్వుతారు."

జోకులు మాత్రం ఆమెకు అర్థం కావు.
ఒకసారి సూచనల కాగితం మీద ఇలా ఉంది:
డ్వేన్ ఇక్కడ యజమానిని మెచ్చుకుంటాడు,
మెచ్చుకోవడం లేదని తెలిసేట్టు.
దీన్నెలా గీయడం?
ఎండు స్క్విడ్ నములుతూ సూపర్‌వైజర్ ప్యో
చేతి అద్దం అందించాడు.
"కుడి కనుబొమ్మ ఒక్కటే లేవాలి.
పెదవికి సంగతేం తెలియకూడదు."

ఆమెకు రెండూ కలిసే లేచేవి,
జీతం పెరిగిన దానిలా.
బస్సు కిటికీలో, లిఫ్టు తలుపు స్టీలులో,
తోమిన గిన్నె అడుగున
మూడు వారాల సాధన.
కనుబొమ్మలోనే బొమ్మ ఉందని
మా భాషకెప్పుడో తెలుసు, ఆమెకు చెప్పేవాళ్లు లేరు.
నాలుగో వారం కుడిది ఒంటరిగా లేచింది.
మొత్తం ఏడు కాగితాలు.
నాలుగో దాని దగ్గర ఓ క్షణం ఆగాలి.
వెటకారమంతా ఆ ఆగడంలోనే ఉంది.

ఒక రాత్రి ఇంటి ఓనరమ్మ టీవీలో
అమెరికా సైన్యం వాళ్ల ఛానెల్ తగిలింది.
అందులో తన నాలుగు సెకన్లు!
"వీడి కంట్లో ఏదైనా పడిందా?" అంది ఓనరమ్మ,
వెల్లుల్లి వలుస్తూ.
మ్యోంగ్‌ఒక్ ఒక్కతే పగలబడి నవ్వింది.
మాట అర్థమై కాదు,
మణికట్టు గుర్తుపట్టింది.

తొంభై ఎనిమిది చలికాలం.
దేశం పీకల్దాకా అప్పుల్లో ఉంది.
జనం క్యూ కట్టి మరీ బంగారం ఇచ్చొచ్చారు.
ఆమె కూడా ఇచ్చింది,
కొడుకు మొదటి పుట్టినరోజు ఉంగరం,
చిటికెన వేలికైనా పట్టనిది.

ఆ వారమే కంపెనీ విందు.
పెనాల మీద పంది మాంసం, పొగ, సోజు సీసాలు.
డైరెక్టరు గ్లాసెత్తి లేచాడు.
"మనమంతా ఒకే కుటుంబం!
కుటుంబంలో జీతాల లెక్కలుంటాయా?"
ఎత్తిన చేతికి గడియారం.
అది క్యూలో నిలబడ్డట్టు లేదు.

నవ్వు నాలుగు విధాల చేటని
ఏ దేశపు అత్తగారైనా చెబుతుంది.
మ్యోంగ్‌ఒక్ నవ్వలేదు.
అసలామె ఏమీ చేయలేదు.
ఆరేళ్లు కుటుంబాన్ని గీసిన ముఖం
తన పని తాను మొదలుపెట్టింది.
ఒకటి. రెండు. మూడు.
నాలుగు దగ్గర ఆగింది.

ఎదురు బల్లలో రంగులేసే పిల్లకి
ముల్లంగి ముక్క కొరబోయింది.
ప్యో సోజు గ్లాసు వెనక దాక్కోబోయాడు,
అంత చిన్న గ్లాసు వెనక
అతని ఎడమ కనుబొమ్మ పట్టలేదు.
బల్ల పొడవునా ఒక్కొక్కరే
తలలు గిన్నెల్లోకి వంచుకున్నారు,
భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"ఏమైంది?" అన్నాడు డైరెక్టరు.

"ఏం లేదండీ," అంది మ్యోంగ్‌ఒక్,
ఐదు, ఆరు, ఏడు,
నంబరు వేసి కాగితం దొంతరలో పెట్టినట్టు
కనుబొమ్మ దించుకుంటూ.